ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ చేయాలా వద్దా: టెక్సాస్‌లో పనిచేస్తున్న తెలుగు టీచర్‌కు జవాబు

మీరు రాసింది కుదించి చెప్తే ఇదీ. గుంటూరులో ఎంఎస్సీ మ్యాథ్స్, బీఎడ్ చేసి అక్కడ కొన్నాళ్లు పనిచేశారు. ఆరేళ్లుగా టెక్సాస్‌లో ఒక పబ్లిక్ (అంటే ప్రభుత్వ) స్కూల్లో లెక్కల టీచర్‌గా ఉన్నారు. ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ చేయమని మీ అసిస్టెంట్ ప్రిన్సిపాల్ అంటున్నారు. వరంగల్‌లో మీ పిన్నిగారు సీనియారిటీ మీద హెడ్మిస్ట్రెస్ అయ్యారు, ఆవిడను ఎవరూ లైసెన్స్ అడగలేదు. మరి ఇక్కడ ఇన్ని పరీక్షలు, ప్రమాణాలు, ఏటేటా మూల్యాంకనం ఎందుకు? ఇవన్నీ దాటితే ఉద్యోగం వస్తుందా, వచ్చాక నిలుస్తుందా? మీవారికి న్యూజెర్సీలో ఉద్యోగం వస్తే ఈ సర్టిఫికెట్ అక్కడ పనికొస్తుందా?

నేను టెక్సాస్‌లోనే టీచర్‌గా మొదలుపెట్టి అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా, తర్వాత ప్రిన్సిపాల్‌గా చేశాను. ఇప్పుడు ఈ సర్టిఫికెట్ చదివేవాళ్ల ప్రాక్టికమ్, అంటే స్కూల్లో చేయించే పని శిక్షణ, చూస్తున్నాను. కాబట్టి అటువైపు, ఇటువైపు రెండూ తెలుసు.

సర్టిఫికెట్ చేయండి. అయితే ఏ ప్రోగ్రామ్‌కైనా ఫీజు కట్టే ముందు, మీ డిస్ట్రిక్ట్‌లో (అంటే మీ ప్రాంతం పబ్లిక్ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థలో) ప్రిన్సిపాళ్ల పనిని ఎవరు చూస్తారో, ఎలా చూస్తారో కనుక్కోండి. చాలామంది ఈ ప్రశ్నే అడగరు. సాయంత్రాలు, శనివారాలు పోగొట్టుకుని సర్టిఫికెట్ సంపాదిస్తారు గానీ, దాంతో చేయబోయే ఉద్యోగం ఎవరి చేతుల్లో ఉంటుందో ఆరా తీయరు.

ముందు అర్హతల సంగతి. ఇక్కడ సర్టిఫికెట్ నిబంధనలు పెట్టేది స్టేట్ బోర్డ్ ఫర్ ఎడ్యుకేటర్ సర్టిఫికేషన్. అందరూ ఎస్‌బీఈసీ అంటారు. ఆఫీసు పని నడిపేది టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే టీఈఏ. మీరు చేయబోయే సర్టిఫికెట్ అసలు పేరు ప్రిన్సిపాల్ యాజ్ ఇన్‌స్ట్రక్షనల్ లీడర్. దీనికి చెల్లుబాటయ్యే టీచర్ సర్టిఫికెట్, క్లాస్‌రూమ్ టీచర్‌గా కనీసం 2 ఏళ్ల అనుభవం, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి మాస్టర్స్, రాష్ట్రం ఆమోదించిన ప్రిపరేషన్ ప్రోగ్రామ్, చివర్లో రెండు పరీక్షలు కావాలి. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పోస్టుకు కూడా ఇదే సర్టిఫికెట్.

అనుభవం విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. ఇండియాలో పనిచేసిన ఏళ్లు లెక్కలోకి వస్తాయో రావోనని కాగితాలు తెప్పించుకోవాల్సిన పని లేదు, ఇక్కడి ఆరేళ్లు చాలు. మాస్టర్స్ దగ్గర మాత్రం ఆగి చూసుకోవాలి. మన మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎంఎస్సీ కలిపి ఇక్కడి మాస్టర్స్‌తో సమానమని, విదేశీ డిగ్రీలను ఇక్కడివాటితో పోల్చి చెప్పే ఎవాల్యుయేషన్ ఏజెన్సీలు కొన్ని రాస్తాయి, కొన్ని బ్యాచిలర్స్ దగ్గరే ఆపేస్తాయి. టీచర్ సర్టిఫికెట్ కోసం మీరు అప్పట్లో చేయించుకున్న రిపోర్టు ఇంట్లో ఎక్కడో ఉంటుంది. తీసి చూడండి. అందులో మాస్టర్స్‌తో సమానమని ఉంటే టెక్సాస్ వరకు మీరు మరో మాస్టర్స్ చేయక్కర్లేదు. ఈ రాష్ట్రం మాస్టర్స్ ఉండాలంటుంది గానీ అది ఎడ్యుకేషన్ లీడర్‌షిప్‌లోనే ఉండాలనదు. చాలామంది తెలుగువాళ్లు ఇది తెలియక యూనివర్సిటీకి వేల డాలర్లు కట్టి రెండో మాస్టర్స్ చేస్తున్నారు. రాష్ట్రంలో 20 రీజినల్ ఎడ్యుకేషన్ సర్వీస్ సెంటర్లున్నాయి. వాటిలో కొన్ని మాస్టర్స్ ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ ఒక్కటే ఇచ్చే ప్రోగ్రామ్ నడుపుతాయి. ఖర్చు తక్కువ, చెప్పేవాళ్లు కూడా చాలావరకు స్కూళ్లు నడిపి వచ్చినవాళ్లే. (న్యూజెర్సీ ఆలోచన గట్టిగా ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. అది చివర్లో చెప్తాను.)

ప్రోగ్రామ్‌లో కనీసం 160 గంటల ప్రాక్టికమ్ ఉంటుంది. నేను చూసే లాగ్‌లలో సగం ఇలా ఉంటాయి: పొద్దున బస్సుల డ్యూటీ, మధ్యాహ్నం కెఫెటేరియా డ్యూటీ, స్టార్ అనే రాష్ట్ర పరీక్షల రోజు కారిడార్‌లో నిలబడటం. గంటలు నిండుతాయి, పని మాత్రం రాదు. మీ ప్రిన్సిపాల్ దగ్గరికి మొదట్లోనే వెళ్లి, ఈ మూడు పనులు నాతో చేయించండి అని అడగండి. ఒకటి, ఒక టీచర్ క్లాసు పూర్తిగా చూసి, తర్వాత ఆ టీచర్‌తో కూర్చుని మాట్లాడటం. మాట్లాడేది మీరే, ప్రిన్సిపాల్ పక్కన ఉండాలి. రెండోది, ఒక గ్రేడ్ టీమ్‌తో పిల్లల పరీక్షల డేటా చూసే మీటింగ్ నడపడం. మూడోది ఆర్డ్ మీటింగ్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ప్రణాళికను తల్లిదండ్రులతో కలిసి తేల్చే మీటింగ్. టీచర్‌గా మీరు అందులో కూర్చునే ఉంటారు. స్కూల్ తరఫున మాట ఇవ్వాల్సిన కుర్చీలో కూర్చున్నప్పుడు అది పూర్తిగా వేరే మీటింగ్. అక్కడ అన్న ప్రతి మాటా చట్టపరంగా నిలబడాలి.

ఈ మూడూ నిజంగా చేసినవాళ్లకు పరీక్షలు పెద్ద టెన్షన్ కావు. మొదటిది 268 నంబరు పరీక్ష: ఐదు గంటలు, 70 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 4 రాతప్రశ్నలు. రాతప్రశ్నల్లో ఒక స్కూల్ డేటా, కొన్ని కాగితాలు ఇచ్చి, నువ్వే ప్రిన్సిపాల్‌వైతే ముందు ఏం చేస్తావని అడుగుతారు. మనవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ఇంగ్లిష్ రాక కాదు. మనకు వ్యాసంలా అన్ని కోణాలూ రాసే అలవాటు. వాళ్లకు కావాల్సింది ఇచ్చిన కాగితాల్లోంచి ఆధారం చూపించి ఒకే నిర్ణయం చెప్పడం. టెక్సాస్‌లో ఒక సర్టిఫికెట్ పరీక్షను మొత్తం 5 సార్లే రాయనిస్తారు, అందుకని ఎలా ఉంటుందో చూద్దామని ఊరికే వెళ్లి రాయకండి.

రెండోది పీఏఎస్ఎల్, స్కూల్లో చేసిన పనినే రాసి పంపే పరీక్ష. అందులో మూడు టాస్క్‌లు: స్కూల్లో ఒక అసలైన సమస్య తీసుకుని పరిష్కరించడం, టీచర్ల వృత్తి శిక్షణ నడపడం, కలిసి పనిచేసే వాతావరణం తేవడం. మూడో దానికి వీడియో కూడా కావాలి. వీడియోలో ఉండే టీచర్ల అనుమతి పత్రాలు ముందే తీసుకోండి, చివరి వారంలో ఎవరో ఒకరు ససేమిరా అంటారు. అన్నీ అయ్యాక వచ్చే స్టాండర్డ్ సర్టిఫికెట్‌ను 5 ఏళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. టీచర్‌గా మీకు 150 గంటల శిక్షణ చూపిస్తే సరిపోతుంది, ప్రిన్సిపాల్‌కు 200. టీచర్లను అప్రైజ్ చేయాలంటే, అంటే వాళ్ల పనిని అంచనా వేయాలంటే, ఏఈఎల్ అనే నాయకత్వ శిక్షణ, టీ-టెస్ (ఇక్కడి టీచర్ల మూల్యాంకన పద్ధతి) అప్రైజర్ శిక్షణ విడిగా పూర్తిచేయాలి. వీలైతే సర్టిఫికెట్ చేతికొచ్చే సమయానికే వాటికి పేరు ఇచ్చేయండి. ఇంటర్వ్యూలో అడుగుతారు.

ఇక ఇదంతా ఎందుకన్న ప్రశ్న. 1990ల దాకా ఇక్కడ కూడా ప్రిన్సిపాల్ అంటే బిల్డింగ్ మేనేజర్. బస్సులు టైముకు రావాలి, పిల్లలు గొడవ చేయకూడదు, బడ్జెట్ దాటకూడదు. సర్టిఫికెట్ అంటే కొన్ని యూనివర్సిటీ కోర్సులు పూర్తిచేయడమే. 1996లో రాష్ట్రాల విద్యాశాఖాధిపతుల మండలి ఆధ్వర్యంలో కొన్ని రాష్ట్రాలు కలిసి ఆరు ప్రమాణాలు రాసుకున్నాయి. వాటినే ఇస్లిక్ ప్రమాణాలనేవాళ్లు. వాటిలో ముఖ్యమైన మార్పు, ప్రిన్సిపాల్ మొదటి పని పిల్లల చదువని స్పష్టంగా రాయడం. పదేళ్లలో చాలా రాష్ట్రాలు వాటిని యథాతథంగానో కొంచెం మార్చో తీసుకున్నాయి. 2008లో సవరించారు, 2015లో పూర్తిగా తిరగరాసి పది ప్రమాణాలు చేసి పేరు కూడా మార్చారు. టెక్సాస్ తన అలవాటు ప్రకారం సొంతంగా రాసుకుంది. 2014లో వచ్చిన ఇక్కడి ప్రమాణాలు ఐదు: బోధన విషయంలో నాయకత్వం, సిబ్బందిని ఎంచుకుని ఎదిగేలా చూడటం, ప్రిన్సిపాల్ సొంత నడవడీ నిర్ణయాలూ, స్కూల్ వాతావరణం, వనరుల నిర్వహణ. ఈ ఐదింటిని పరీక్ష సిలబస్ అనుకుని చదివి వదిలేయకండి. రేపు మీ మూల్యాంకనానికి కూడా ఆధారం ఇవే.

ఇల్లినాయ్ కథ వింటే లైసెన్స్ మీద ఇంత పట్టు ఎందుకో తెలుస్తుంది. అక్కడ పాత సర్టిఫికెట్ పేరు టైప్ 75. అదే సర్టిఫికెట్ ప్రిన్సిపాల్‌కూ, డిపార్ట్‌మెంట్ హెడ్‌కూ, అథ్లెటిక్ డైరెక్టర్‌కూ. జీతంలో మెట్టు పెరుగుతుందని టీచర్లు చేసేవాళ్లు. వాళ్లలో చాలామందికి ప్రిన్సిపాల్ అవ్వాలన్న ఉద్దేశమే లేదు. సర్టిఫికెట్లు ఉన్నవాళ్లు పోస్టుల కంటే ఎన్నో రెట్లు, అయినా కష్టమైన స్కూల్‌కు సరైన మనిషి దొరకడు. 2010లో చట్టం తెచ్చి పాత ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి, ప్రిన్సిపాల్ కోసమే లైసెన్స్ మీద వేరే ఎండార్స్‌మెంట్ (ప్రత్యేక అర్హత) పెట్టారు. చేర్చుకునేటప్పుడే వడపోత, డిస్ట్రిక్ట్‌తో ఒప్పందం, అసలైన ఇంటర్న్‌షిప్. చేరేవాళ్ల సంఖ్య దారుణంగా పడిపోయింది, కొన్నేళ్లకు అసిస్టెంట్ ప్రిన్సిపాళ్లు దొరకడం లేదని కొన్ని డిస్ట్రిక్ట్‌లు గగ్గోలు పెట్టాయి. నా మట్టుకు ఇల్లినాయ్ చేసింది సరైన పనే.

పరీక్ష ఒక్కదాని మీద మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు. టెన్నెసీలో ప్రిన్సిపాల్ లైసెన్స్ పరీక్ష మార్కులను, ఆ తర్వాత వాళ్లు ఉద్యోగంలో ఎలా చేశారన్న వివరాలను పదేళ్ల మేర పక్కపక్కన పెట్టి పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ మార్కులొచ్చినవాళ్లు మెరుగైన ప్రిన్సిపాళ్లయ్యారని చెప్పడానికి అందులో పెద్ద ఆధారం దొరకలేదు. పైగా ఆ పరీక్షలో శ్వేతజాతేతరులు గట్టెక్కే అవకాశం దాదాపు 12 శాతం పాయింట్లు తక్కువ. ఇది చూశాక కూడా రాష్ట్రాలు పరీక్షనే పట్టుకుని వేలాడటం ఎందుకంటే, గేటు దగ్గర కాపలా పెట్టడం సులువు. లోపలికి వచ్చినవాళ్లకు అండగా ఉండటానికి మనుషులు కావాలి, ఏటా డబ్బు కావాలి.

మంచి ప్రిన్సిపాల్ వల్ల నిజంగా తేడా వస్తుందా అనే సందేహం ఉంటే దానికి జవాబు టెక్సాస్‌లోనే ఉంది. బ్రాంచ్, హనుషెక్, రివ్‌కిన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఇక్కడి స్కూళ్ల డేటాతోనే లెక్కలు కట్టారు. చాలా సమర్థుడైన ప్రిన్సిపాల్ ఉన్న స్కూల్లో సగటు పిల్లవాడు ఒక్క ఏడాదిలో అదనంగా 2 నుంచి 7 నెలల చదువు నేర్చుకుంటాడని, అసమర్థుడు ఉంటే అంతే వెనకబడతాడని వాళ్లు తేల్చారు. 2021లో వచ్చిన మరో పెద్ద సమీక్ష అందరినీ కలిపి చూసి, కింది వరసలోని ప్రిన్సిపాల్ స్థానంలో పై వరసలోని మనిషి వస్తే లెక్కల్లో ఏడాదికి దాదాపు 2.9 నెలలు, రీడింగ్‌లో 2.7 నెలలు తేడా ఉంటుందంది. 2 నుంచి 7 అన్నప్పుడే మీకు అర్థమై ఉంటుంది, దీన్ని కొలవడం ఎంత తిప్పలో. లెక్కల టీచర్ కదా మీరు.

ఇక అసలు విషయం, మూల్యాంకనం. ఇక్కడ చట్టప్రకారం ప్రతి ప్రిన్సిపాల్‌నూ ఏటా అంచనా వేయాలి. రాష్ట్రం సిఫార్సు చేసే పద్ధతి పేరు టీ-పెస్. మీ మీద వాడే టీ-టెస్‌కు అక్క లాంటిది. 2016-17లో రెండూ రాష్ట్రమంతటా వచ్చాయి. డిస్ట్రిక్ట్ కావాలంటే టీ-పెస్ వాడొచ్చు, లేదా సొంతది పెట్టుకోవచ్చు. మీరు కనుక్కోవాల్సిన మొదటి సంగతి ఇదే: మన దగ్గర ఏది?

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. ఒబామా ప్రభుత్వం 2009లో రేస్ టు ద టాప్ పేరుతో 4.35 బిలియన్ డాలర్లు పెట్టి, పిల్లల ప్రగతిని లెక్కలోకి తీసుకుని టీచర్లను, ప్రిన్సిపాళ్లను మూల్యాంకనం చేసే రాష్ట్రాలకు పోటీ పెట్టింది. అప్పటి టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ ఆ డబ్బు మాకొద్దని 2010 జనవరిలో తేల్చి చెప్పాడు. కానీ పరీక్షా ఫలితాలకు స్కూళ్లను బాధ్యులను చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే కేంద్ర చట్టంలోని షరతుల నుంచి మినహాయింపు కావాల్సొచ్చింది. 2013లో అది వచ్చింది, దాంతోపాటే కొత్త మూల్యాంకన పద్ధతి తెస్తామన్న హామీ కూడా మెడకు పడింది. ఆ పద్ధతి తయారై స్కూళ్లకు చేరేలోపు, 2015 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో ఎస్సా అనే కొత్త చట్టం వచ్చి కేంద్రం ఒత్తిడే ఎత్తేసింది. ఏ రాష్ట్రం ఎలా మూల్యాంకనం చేసుకుంటే అలా. మిగిలింది కొంచెం డబ్బు: టీచర్ల శిక్షణకిచ్చే టైటిల్ 2 నిధుల్లో అదనంగా 3 శాతం దాకా ప్రిన్సిపాళ్ల కోసం పక్కన పెట్టుకోవచ్చని రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చారు.

టీ-పెస్ కాగితం మీద బాగుంటుంది. ఏడాది మొదట్లో మీరే మిమ్మల్ని అంచనా వేసుకుంటారు, లక్ష్యాలు రాసుకుంటారు, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి పైఅధికారితో కూర్చుంటారు. రూబ్రిక్, అంటే అంచనా పట్టిక, మీద మెట్లుంటాయి. నేను రెండు డిస్ట్రిక్ట్‌లలో దాదాపు ఇలాంటి ఫారంతోనే మూల్యాంకనం చేయించుకున్నాను. ఒకచోట నా పైఅధికారి ప్రతి నెలా వచ్చేవాడు. ఇద్దరం కలిసి నాలుగైదు క్లాసులు చూసేవాళ్లం. బయటికొచ్చాక, ‘ఆ టీచర్‌కు నువ్వైతే ఏం చెప్తావు?’ అని అడిగేవాడు. చెప్పాక, ‘మరి ఎందుకు చెప్పలేదు ఇన్నాళ్లు?’ అనేవాడు. కోపమొచ్చేది. ఉద్యోగం నేర్చుకున్నది మాత్రం అక్కడే. ఇంకోచోట ఏడాది మొత్తంలో రెండుసార్లు వచ్చారు. చివరి మీటింగ్‌లో స్టార్ ఫలితాల చార్టు ఒకటి ముందు పెట్టి, ‘రీడింగ్ పడిపోయింది, వచ్చే ఏడు చూడండి’ అని సంతకం పెట్టించుకున్నారు. ఏం చూడాలో చెప్పలేదు. రెండుచోట్లా ఫారం ఒకేలా ఉంది, రేటింగ్ కూడా ఇంచుమించు ఒకటే వచ్చింది.

పిల్లల మార్కులను నేరుగా ప్రిన్సిపాల్ ఖాతాలో వేయడంలో ఇంకో చిక్కుంది. కొత్తగా వెళ్లిన ప్రిన్సిపాల్‌కు పాత ప్రిన్సిపాల్ తీసుకున్న టీచర్లే ఉంటారు, ఆయన కట్టిన టైమ్‌టేబులే ఉంటుంది. మొదటి ఏడాది ఫలితాల్లో మీ చేతి పని ఎంతో, ఆయన వదిలిపోయింది ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇంటర్వ్యూలో మొదటి ఏడాది, రెండో ఏడాది నన్ను ఏ లెక్కన చూస్తారని మొహమాటం లేకుండా అడగండి. సరైన సూపరింటెండెంట్ (డిస్ట్రిక్ట్‌కు పెద్ద అధికారి) ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

పైఅధికారి కింద ఎన్ని స్కూళ్లున్నాయన్నది కూడా అడగాల్సిందే. వాలెస్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ కొన్ని పెద్ద డిస్ట్రిక్ట్‌లలో ప్రిన్సిపాళ్ల పైఅధికారుల ఉద్యోగాన్నే మార్చి చూసింది. ఒక్కొక్కరి కింద సగటున 17 మంది ప్రిన్సిపాళ్లుంటే 12కు తగ్గించారు. ఆఫీసు కాగితాల బదులు స్కూళ్లలో తిరిగే పని పెట్టారు. అదే సంస్థ అంతకుముందు 2011 నుంచి న్యూయార్క్, డెన్వర్, షార్లట్-మెక్లెన్‌బర్గ్, గ్విన్నెట్ కౌంటీ, హిల్స్‌బరో కౌంటీ, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలలో ప్రమాణాలు, శిక్షణ, ఎంపిక, మూల్యాంకనం నాలుగింటినీ ఒకే తాటి మీదికి తెచ్చింది. ఏ ప్రమాణాలు రాసుకున్నారో శిక్షణలో అవే నేర్పారు, ఇంటర్వ్యూలో అవే చూశారు, ఏడాది చివర్లో అవే అడిగారు. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2019లో ఫలితాలు లెక్కేస్తే, కొత్త ప్రిన్సిపాళ్లొచ్చిన మూడేళ్లకు ఆ స్కూళ్లు సాటి స్కూళ్ల కంటే రీడింగ్‌లో 6 పర్సంటైల్ పాయింట్లకు పైగా, లెక్కల్లో దాదాపు 3 పాయింట్లు ముందున్నాయి. ఖర్చు ఏడాదికి ఒక విద్యార్థి మీద సుమారు 42 డాలర్లు. ఇంత చవకలో ఇంత ఫలితమిచ్చే పథకాలు చదువుల్లో చాలా అరుదు. మీ డిస్ట్రిక్ట్ ఇలాంటి దారిలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష: గత ఐదేళ్లలో ప్రిన్సిపాళ్లయినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో చూడండి. ఆ డిస్ట్రిక్ట్ సొంత అసిస్టెంట్ ప్రిన్సిపాళ్లలోంచే వచ్చి, మూడేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటే మంచి చోటు. ఏటా బయటివాళ్లను తెచ్చుకుని ఏటా పోగొట్టుకుంటుంటే, సర్టిఫికెట్ చేయండి గానీ ఉద్యోగం పక్క డిస్ట్రిక్ట్‌లో వెతుక్కోండి.

ఉద్యోగం నిలవడం గురించి. టెక్సాస్‌లో ప్రిన్సిపాల్‌కు టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ హక్కు, లేదు. టర్మ్ కాంట్రాక్ట్ (గడువున్న ఒప్పందం) ఉంటుంది, చాలా డిస్ట్రిక్ట్‌లలో దాని మీద ‘ప్రిన్సిపాల్’ అని కాకుండా ‘అడ్మినిస్ట్రేటర్’ అని ఉంటుంది. ఆ తేడా చూసి సంతకం చేయండి. రేపు సూపరింటెండెంట్ మిమ్మల్ని సెంట్రల్ ఆఫీసుకు మార్చాలనుకుంటే ఆ ఒక్క మాటే దారి ఇస్తుంది. సాధారణంగా తీసేయరు, పక్కకు జరుపుతారు. ప్రిన్సిపాళ్లు తమంతట తాము మానేసేదీ ఎక్కువే: 2020-21లో పనిచేసిన పబ్లిక్ స్కూల్ ప్రిన్సిపాళ్లలో దేశం మొత్తం మీద మరుసటి ఏడాదికల్లా దాదాపు 11 శాతం మంది ఆ ఉద్యోగమే వదిలేశారు. మీరు నేరుగా ప్రిన్సిపాల్ అయిపోతారనుకోకండి. ముందు ఇన్‌స్ట్రక్షనల్ కోచ్ (తోటి టీచర్లకు బోధనలో సాయపడే పోస్టు), తర్వాత అసిస్టెంట్ ప్రిన్సిపాల్. లెక్కల టీచర్లకు కోచ్ పోస్టు తొందరగా దొరుకుతుంది, ఆ పనిలో ఉన్నప్పుడే పెద్దవాళ్లకు నేర్పడం మీకు నప్పుతుందో లేదో తెలిసిపోతుంది.

మన యాస గురించి మీరు అడగలేదు గానీ చాలామంది మనసులో ఉండే భయం కాబట్టి చెప్తున్నాను. ఇంటర్వ్యూ కమిటీలు యాసను పట్టించుకునేదానికంటే, కోపంగా వచ్చిన తల్లిదండ్రులతో మీరు ఎంత నిదానంగా మాట్లాడతారో చూస్తాయి. దానికి ఒక్క ఉదాహరణ సిద్ధంగా పెట్టుకోండి, నిజంగా జరిగింది.

ఇక మీ పిన్నిగారి సంగతి. ఆవిడకు ఏ పరీక్షా లేదనడం పూర్తిగా సరి కాదు. స్కూల్ అసిస్టెంట్ నుంచి గెజిటెడ్ హెడ్మాస్టర్‌గా ప్రమోషన్ రావాలంటే ఈఓటీ, జీఓటీ అనే డిపార్ట్‌మెంటల్ టెస్టులుంటాయి, అడిగి చూడండి. కాకపోతే అవి ఎక్కువగా సర్వీసు రూల్సు, ఖాతాలు, కార్యాలయ నిబంధనల మీద. పిల్లల చదువు ఎలా బాగుచేస్తావని అవి అడగవు. అవి దాటాక వరస సీనియారిటీదే. సీనియారిటీలో ఒక మంచి ఉంది: పైరవీకి చోటు తక్కువ, మీ వంతు మీకు వస్తుంది. ఇక్కడ ఎంపిక పూర్తిగా సూపరింటెండెంట్, బోర్డు చేతిలో ఉంటుంది కాబట్టి, అర్హత ఉండి కూడా ఏళ్ల తరబడి అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గానే మిగిలిపోయినవాళ్లు నాకు తెలుసు. అక్కడి పద్ధతిలో లోటు ఏమిటంటే, యాభై దాటాక ఆ కుర్చీ వస్తుంది, వచ్చిన మర్నాటి నుంచి మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఫోటోలు, ఖాళీ పోస్టులు. దాంతో క్లాసులోకి వెళ్లి చూసే తీరిక ఉండదు, వెళ్లినా ఎలా చూడాలో ఎవరూ నేర్పి ఉండరు. 2012లో ఢిల్లీలోని నీపా అనే జాతీయ విద్యా ప్రణాళిక సంస్థ కింద స్కూల్ లీడర్‌షిప్ కేంద్రం పెట్టింది ఈ లోటు కోసమే.

వీసా గురించి ఒక్క ముక్క. మీరు జే-1 మీద ఉంటే ప్రిన్సిపాల్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఆ వీసా పూర్తికాలం పాఠం చెప్పడానికే ఇచ్చింది, గడువు కూడా పొడిగింపుతో కలిపి ఐదేళ్లకు మించదు. ఆరేళ్లుగా ఉన్నానన్నారు కాబట్టి హెచ్-1బీ అయి ఉంటుంది. అలాగైతే టీచర్ నుంచి అడ్మినిస్ట్రేటర్‌గా మారేటప్పుడు డిస్ట్రిక్ట్ పిటిషన్ సవరించాల్సి రావచ్చు. ఆఫర్ చేతికొచ్చాక కాదు, ఇంటర్వ్యూకు ముందే హెచ్‌ఆర్‌ను, లాయర్‌ను అడగండి.

చివరిగా న్యూజెర్సీ. టెక్సాస్ సర్టిఫికెట్ చూపించగానే అక్కడ చేతిలో కొత్తది పెట్టేయరు. దరఖాస్తు చేసుకోవాలి, వాళ్ల షరతులకు మీ కాగితాలు ఎంతవరకు సరిపోతాయో చూస్తారు. అక్కడి మామూలు దారి ఇలా ఉంటుంది: 5 ఏళ్ల అనుభవం, లీడర్‌షిప్‌కు సంబంధించిన సబ్జెక్టులో మాస్టర్స్ లేదా వేరే మాస్టర్స్ మీద ఆ సబ్జెక్టుల్లో 30 క్రెడిట్లు, 300 గంటల ఇంటర్న్‌షిప్, ఎస్ఎల్ఎల్ఏ అనే ప్రిన్సిపాల్ లైసెన్స్ పరీక్ష. ఇవన్నీ అయితే ముందు సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ ఇస్తారు. ఉద్యోగం దొరికాక మెంటర్ కింద రెండేళ్ల రెసిడెన్సీ చేస్తేనే స్టాండర్డ్ సర్టిఫికెట్. టెక్సాస్ కంటే కష్టం, కానీ ఉద్యోగంలో చేరాక మెంటర్‌ను ఇవ్వడం నాకు నచ్చుతుంది.

దీంతో పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది. మ్యాథ్స్‌లో ఎంఎస్సీ టెక్సాస్‌కు సరిపోతుంది, న్యూజెర్సీకి సరిపోకపోవచ్చు. అటు వెళ్లే అవకాశం సగానికి పైగా ఉందనిపిస్తే సర్వీస్ సెంటర్ ప్రోగ్రామ్ వద్దు. కాస్త ఖరీదైనా, 30 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్ట్ మీద వచ్చే యూనివర్సిటీ ప్రోగ్రామ్‌లో చేరండి. ప్రాక్టికమ్ 160 గంటల దగ్గర ఆపేయకుండా 300 దాటేదాకా కొనసాగించి, ప్రతి పేజీ మీద ప్రిన్సిపాల్ సంతకం పెట్టించుకోండి. సర్వీస్ రికార్డులు, ఏటేటా వచ్చిన టీ-టెస్ కాగితాలు కూడా ఇప్పుడే కాపీలు తీసి పెట్టుకోండి. ఊరు మారాక పాత డిస్ట్రిక్ట్ నుంచి అవి తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది.